ఇసుక పోసినంత మాత్రాన ఎడారి కాదు

జంతుప్రదర్శనశాలలో కట్టడానికి అన్నిటికన్నా సులువైనది ఎడారేనన్న అభిప్రాయం ఒకటి చాలాకాలంగా చలామణిలో ఉంది. వర్షారణ్యం కట్టాలంటే పెద్ద చెట్లు ఎదిగేదాకా ఏళ్లతరబడి ఆగాలి, పైకప్పు నుంచి రోజూ తుంపర కురిపించాలి. ధ్రువప్రాంతం కట్టాలంటే కొలను నిండా నీటిని ఏడాది పొడవునా చల్లబరిచే యంత్రాలు నడపాలి. ఎడారికి అవేవీ అక్కర్లేదు. కొన్ని లారీల ఇసుక, సిమెంటుతో చేసిన ఎర్రటి బండలు, అక్కడక్కడా ముళ్ల మొక్కలు, వెనుక గోడమీద నీలాకాశపు బొమ్మ ఉంటే పని పూర్తయినట్టే. ఎడారి అంటే ఏమీ లేని చోటు అన్న పాత అపోహే ఈ లెక్కకు ఆధారం. ఏమీ లేని చోటును మళ్లీ కట్టడానికి కష్టమేముంటుందని ఎవరికైనా అనిపిస్తుంది.

నాకు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా అనిపిస్తుంది. గాలిలోని పొడితనం, పగటికీ రాత్రికీ మధ్య ఉండే ఉష్ణోగ్రత తేడా, బొరియ తవ్వుకోవడానికి వీలైన లోతైన నేల, ఎక్కడెక్కడో కొద్దికొద్దిగా దొరికే తిండి, ఆ తిండి కోసం నడవాల్సిన దూరం, ఇవీ ఒక ఎడారి జంతువుకు ఎడారి అంటే. వీటిలో ఒక్కదాన్ని కూడా ఫొటో తీయలేము. అందుకే, దూరదేశాల ఎడారులను కళ్లకు కట్టినట్టు చూపిస్తామని చెప్పుకునే ప్రదర్శనల్లో ఎక్కువ భాగం సందర్శకుడి కంటికోసం కట్టినవే తప్ప లోపల ఉన్న ప్రాణి ఒంటికోసం కట్టినవి కావని, వాటిని మెచ్చుకునే ముందు మనం అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయని నా వాదన.

ఈ కంటి పక్షపాతం నిన్నమొన్నటిది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో యూరప్‌లోని జూలు వేడిదేశాల జంతువులను వాటి నేలతో జతచేయడానికి బదులు, ఆ దేశాల మనుషులు కట్టుకున్న కట్టడాలతో జతచేసి చూపించేవి. బెల్జియంలోని ఆంట్వెర్ప్ జూలో 1856లో కట్టిన ఈజిప్టు దేవాలయం ఇప్పటికీ నిలిచి ఉంది. రంగులద్దిన లావుపాటి స్తంభాలు, గోడల నిండా చిత్రలిపి, మధ్యలో జిరాఫీలు, ఏనుగులు. బెర్లిన్ జూ 1901లో నిప్పుకోళ్ల కోసం మరో ఈజిప్టు గుడిని కట్టించింది. ఫరోల లిపితో నిప్పుకోడికి ఏం పని అని ఇవాళ మనకు నవ్వొస్తుంది కాని, ఆనాటి సందర్శకుడికి ఆ గుడి చూడగానే తాను దూరదేశం వచ్చినట్టు అనిపించేది. ప్రదర్శన పని అక్కడికి నెరవేరినట్టే.

హాంబర్గ్‌కు చెందిన జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్ ఈ గుళ్లనూ ఊచల బోన్లనూ పక్కనపెట్టి కొత్త పద్ధతి తెచ్చాడు. 1896లో దానికి పేటెంటు తీసుకుని, 1907లో స్టెల్లింగెన్‌లో తెరిచిన తన సొంత జూలో పూర్తిస్థాయిలో అమలుచేశాడు. సందర్శకుడి చూపుకు ఆనకుండా కందకాలు తవ్వి, ఒకదాని వెనుక ఒకటిగా మెట్లుమెట్లుగా ఆవరణలు కట్టి, మేత జంతువుల వెనుకే సింహాలు తిరుగుతున్నట్టు, వాటి వెనుక కొండలు లేచినట్టు ఒకే దృశ్యంగా కనిపించేలా చేశాడు. ఇవాళ్టి ప్రతి జూ ఆవరణలోనూ ఆ కందకం వారసత్వం ఉంది. ఇదే హాగెన్‌బెక్ అంతకుముందే, 1874 నుంచి, దూరప్రాంతాల మనుషులను వాళ్ల పశువులతో, సామాన్లతో సహా తీసుకొచ్చి టిక్కెట్టు పెట్టి చూపించినవాడన్న సంగతి కూడా ఇక్కడ గుర్తుచేయక తప్పదు. మనిషినైనా మృగాన్నైనా దాని ‘సొంత పరిసరాల’ మధ్య నిలబెట్టి చూపించడం మొదట్లో వినోద వ్యాపారపు ఎత్తుగడ. జంతు సంక్షేమం అన్న మాట దానికి తర్వాత వచ్చి చేరింది.

1970ల చివర్లో అమెరికాలోని సియాటిల్ నగరపు వుడ్‌ల్యాండ్ పార్క్ జూ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. డేవిడ్ హాంకాక్స్ సంచాలకుడిగా, జోన్స్ అండ్ జోన్స్ అనే వాస్తు సంస్థ సాయంతో, సందర్శకుడు నడిచే దారి కూడా జంతువు ఉండే అడవిలో భాగమేనన్నట్టు ఆవరణలు రూపొందించారు. ఆ తర్వాతివన్నీ దాని సంతానమే. నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌లో బర్గర్స్ జూ 1994లో ఉత్తర అమెరికా సొనోరా ఎడారిని ఒక పెద్ద మందిరంలో కట్టింది. నెబ్రాస్కా రాష్ట్రం ఒమాహాలోని హెన్రీ డోర్లీ జూ 2002లో భారీ పారదర్శక గుమ్మటం కింద ఆఫ్రికాలోని నమీబ్ ఎడారి, ఆస్ట్రేలియా నడిభూమిలోని ఎర్రమట్టి నేల, సొనోరా, మూడిటినీ పక్కపక్కనే పెట్టింది. మూడు ఖండాలను మధ్యాహ్న భోజనంలోపు చుట్టిరావచ్చు. ఇంజనీరింగు పరంగా అది అద్భుతమేనని ఒప్పుకుంటాను. మంచు కురిసే నెబ్రాస్కా శీతాకాలంలో నమీబ్ ఇసుకను వెచ్చగా ఉంచడం మాటలు కాదు.

ఇక ఆ బండల సంగతి దగ్గరగా చూద్దాం. ఇనుప చువ్వలను వంచి కొండ ఆకారంలో చట్రం కడతారు, దానిమీద జాలీ బిగిస్తారు, గొట్టంతో కాంక్రీటు చిమ్ముతారు, అది గట్టిపడకముందే తాపీలతో, బ్రష్షులతో పగుళ్లూ పొరలూ చెక్కుతారు, చివరికి పలుచటి రంగులను ఒకదానిమీద ఒకటి కారనిచ్చి రాయికి వయసు తెప్పిస్తారు. మరికొన్నిచోట్ల నిజమైన కొండరాయి మీద రబ్బరు పూత పూసి అచ్చు తీసి, అదే ముఖాన్ని కాంక్రీటులో దింపుతారు. పనివాళ్ల నేర్పుకు చేతులెత్తి మొక్కాలి. కాని దగ్గరికెళ్లి వేలి కణుపులతో తడితే చాలా బండలు డొల్లగా మోగుతాయి. నేను చూసిన ఒక ఆవరణలో ఇసుకరాతి పొరల మధ్య నుంచి గోధుమరంగు చార ఒకటి కిందికి కారి ఉంది. దాన్ని రాతిలోని ఖనిజమనుకుని పక్కనున్నాయన తన పిల్లలకు చూపిస్తున్నాడు. అది లోపలి చువ్వ తుప్పు.

డొల్లగా మోగడం కేవలం అందానికి సంబంధించిన లోపం అయితే దానిమీద ఇంత రాయవలసిన పని లేదు. నిజమైన బండ పగలంతా ఎండను తాగి, పొద్దుగూకిన తర్వాత గంటలకొద్దీ ఆ వేడిని వదులుతుంది. చల్లటి నెత్తురు గల బల్లికీ పాముకూ అది పొయ్యిలాంటి ఆసరా. రెండు మూడు అంగుళాల కాంక్రీటు పెచ్చు ఆ పని చేయలేదు, దీపం ఆర్పిన కొద్దిసేపటికే చల్లారిపోతుంది. నిజమైన బండకు పగుళ్లుంటాయి. ఆ పగులు వేసవి మధ్యాహ్నం చల్లటి గదిగా, గద్ద వచ్చినప్పుడు కోటగా పనికొస్తుంది. రంగుతో గీసిన పగులులోకి బల్లి దూరలేదు. చాలా ఆవరణల్లో మొక్కల మొదళ్ల దగ్గర గడ్డిపోచల్లా కనిపించేవి నిజానికి షాకు కొట్టే తీగలు. జంతువు మొక్కను కొరికితే దృశ్యం పాడవుతుంది కనుక ముట్టుకోకుండా కాపలా పెడతారు. అంటే, ఆ ప్రాణి పేరుమీద నాటిన మొక్క ఆ ప్రాణికే నిషిద్ధం. పైన పటారం, లోన లొటారం అన్న మాట ఇంత అక్షరాలా ఎక్కడా నిజం కాదేమో.

మరి ఇసుక సంగతేమిటి? ప్రపంచంలోని ఎడారుల మొత్తం విస్తీర్ణంలో ఇసుక పరుచుకున్నది దాదాపు అయిదో వంతు మాత్రమే. మిగతాది గులకరాళ్ల మైదానాలు, రాతి పీఠభూములు, ఉప్పు చవుళ్లు, పొదల నేలలు. అరేబియా ఒరిక్స్ అనే తెల్లటి ఎడారి జింకను తిరిగి వదిలిపెట్టిన ఒమాన్‌లోని జిద్దత్ అల్ హరాసిస్ ప్రాంతం చదునైన సున్నపురాతి మైదానం, సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచే అక్కడి మొక్కలకు చాలా రోజుల పాటు ఆధారం. పొగమంచు పట్టిన రాళ్ల మైదానం అంటే ఎవరి మనసులోనూ ఎడారి బొమ్మ మెదలదు. అందుకని ఒరిక్స్ వెనుక కూడా ఇసుక దిబ్బే పోస్తారు. దిబ్బ పక్కన ఒక కాక్టస్ తప్పకుండా ఉంటుంది. కాక్టస్ కుటుంబం దాదాపు పూర్తిగా అమెరికా ఖండాలది. ఆఫ్రికాలో అలా కనిపించే కండపట్టిన ముళ్ల మొక్కలు వేరే కుటుంబానికి చెందిన యూఫోర్బియాలు. ఈ తేడా తెలిసిన తోటమాలి ప్రతి జూలోనూ ఉంటాడని నా నమ్మకం. అతడి మాట చెల్లే జూలు మాత్రం తక్కువగా కనిపిస్తాయి.

కంటికి కనిపించని ఎడారికి వస్తే, నా వాదనకు అన్నిటికన్నా గట్టి సాక్షి ఇసుక పిల్లి. సహారా, అరేబియా, మధ్య ఆసియా ఎడారుల్లో బతికే ఈ చిన్న అడవి పిల్లి బరువు రెండు మూడు కిలోలకు మించదు. కాలే ఇసుక మీద నడవడానికి దాని అరికాళ్ల కింద కూడా దట్టంగా వెంట్రుకలుంటాయి. తాగడానికి నీళ్లు దొరకని చోట తిన్న ఎలుకల్లోని తడితోనే సరిపెట్టుకోగలదు. ఇంత మొండి ప్రాణి బోనులో మాత్రం గాలిలో తేమ పెరిగితే చాలు, ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల జబ్బులకు ఇట్టే లొంగిపోతుంది. అందుకే దీన్ని బాగా పెంచేవాళ్లు పొడిగాలి ఉండేలా, తేమా వేడీ ఎక్కువగా హెచ్చుతగ్గులు కాకుండా గదిని కాపాడుకుంటారు. ఇప్పుడు రెండు గదులను ఊహించండి. ఒకదానిలో చేయితిరిగిన చిత్రకారుడు వేసిన సహారా సూర్యాస్తమయం, నిజమైన దిబ్బ, దారినపోయే సందర్శకుల తడి గొడుగులు, పక్కనే అందం కోసం పెట్టిన ఒయాసిస్సు నీటిగుంట ఉన్నాయి. రెండో గదిలో తెల్ల గోడలు, ఇసుక నింపిన తొట్టి, చెక్క పెట్టె, తేమను లాగేసే యంత్రం మోత. ఇసుక పిల్లి శరీరానికి ఎడారి ఈ రెండో గదిలోనే ఉంది. అయినా సందర్శకుల్లో నూటికి తొంభై మంది దాన్ని జైలు అంటారు, మొదటిదాన్ని సహజ ఆవాసం అంటారు.

ఉష్ణోగ్రత విషయంలోనూ ఇదే తంతు. ఎడారి అనగానే వేడి అని స్థిరపడిపోయాం. ఏటా 250 మిల్లీమీటర్ల కన్నా తక్కువ వాన పడే నేలను ఎడారిగా లెక్కించడం మామూలు. ఆ లెక్కలో వేడి ప్రస్తావనే లేదు. గోబీలో శీతాకాలపు రాత్రులు సున్నాకు ముప్పై డిగ్రీలకు పైగా కిందికి పోతాయి, రెండు మూపురాల ఒంటె దట్టమైన బొచ్చు ఆ చలికోసం పెరిగింది. సహారాలో వేసవి మధ్యాహ్నం ఇసుక పైపొర 70 డిగ్రీలు దాటవచ్చు కాని, మీటరు లోతున బొరియలో ఆ మంటే తెలియదు. చిన్న ఎడారి జంతువుల్లో చాలావరకు బతికేది ఈ కిందటి అంతస్తులో, పైకి వచ్చేది రాత్రిపూట. ఫెనెక్ నక్క దానికి ఉదాహరణ. కుక్కల కుటుంబం మొత్తంలో అతి చిన్నది, కిలో కిలోన్నర బరువుండే ఒంటికి పదిహేను సెంటీమీటర్ల దాకా పెరిగే చెవులు. ఆ చెవులు ఒంటి వేడిని బయటికి పంపుతాయి, ఇసుక కింద కదిలే పురుగు చప్పుడును పట్టుకుంటాయి. ఆ నక్క మేలుకునే వేళకు జూ గేట్లు మూసేస్తారు. పగలు వచ్చిన మనకు అది కనపడాలి కనుక దాని గుహకు ఒకవైపు అద్దం పెడతారు. ఆ అద్దానికి ముక్కు ఆనించి పిల్లలు అరుస్తుంటే, ఆ పెద్ద చెవులను ఒంటికి అదుముకుని అటు తిరిగి పడుకున్న నక్కనే మనం చూసి వస్తాం.

ముంగిస కుటుంబానికి చెందిన మీర్‌క్యాట్ల విషయంలో కొంత భిన్నంగా మాట్లాడాలి, ఎందుకంటే అవి పగటి జీవులు, చూసేవాళ్లంటే పెద్దగా జంకవు, జూలలో తేలిగ్గానే సంతానం పొందుతాయి. దక్షిణ ఆఫ్రికాలోని కలహారి వంటి పొడినేలల్లో అవి పొద్దున్నే బొరియ బయటికి వచ్చి, వెంట్రుకలు పలుచగా ఉండే పొట్టను ఎండకు చూపిస్తూ నిలబడి ఒళ్లు కాచుకుంటాయి. తర్వాత రోజులో ఎక్కువ భాగం నేల తవ్వడంతోనే గడుస్తుంది. ఒక జూలో వీటి ఆవరణ ముందు చాలాసేపు నిలబడ్డాను. సిమెంటు చెదపుట్ట, దానిమీద కాపలాకు ఎక్కిన ఒక మీర్‌క్యాట్, అంతా చూడముచ్చటగా ఉంది. గుంపులో మిగతావన్నీ మాత్రం ఒక మూల పైకప్పు నుంచి గొలుసుతో వేలాడదీసిన ఎర్రటి వేడి దీపం కింద పొట్టలు చూపిస్తూ వరుసగా నిలబడి ఉన్నాయి. దీపం దృశ్యాన్ని పాడుచేస్తోందని ఒకావిడ విసుక్కుంది. ఆ ఆవరణ మొత్తంలో కలహారికి సంబంధించిన నిజం ఆ దీపం ఒక్కటే అని నాకనిపించింది. కాసేపటికి సంరక్షకుడు వచ్చి స్టీలు గిన్నెలో పురుగులు పెట్టి వెళ్లాడు. అవి ఖాళీ కావడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ గిన్నె దగ్గరే నాకు అసలు పేచీ. కలహారిలో పెద్ద మీర్‌క్యాట్లు పిల్లలకు తేళ్లను పట్టడం నేర్పుతాయి. మొదట చచ్చిన తేలును ఇస్తాయి, తర్వాత కొండి తీసేసిన బతికున్న తేలును, పిల్ల ఎదిగేకొద్దీ చెక్కుచెదరని తేలును. జంతువుల్లో బోధన ఉందని చూపించే మంచి ఉదాహరణల్లో ఒకటిగా అలెక్స్ థార్న్‌టన్, కేథరిన్ మెకాలిఫ్ దీన్ని 2006లో ప్రచురించారు. గంటలతరబడి తవ్వడం, దొరక్కపోవడం, దొరికినదాన్ని భయంతో పట్టడం, పిల్లకు చూపించడం, ఇదంతా గిన్నెలో మాయమైపోతుంది. బోనులోని మీర్‌క్యాట్లకు ఊబకాయం రావడంలో వింతేమీ లేదు. దీనికి విరుగుడు ఖరీదైనదీ కాదు. పురుగులను గిన్నెలో పెట్టకుండా ఇసుకలో వేర్వేరు లోతుల్లో, రోజుకో చోట, వేళాపాళా లేకుండా కప్పిపెట్టడం, అందుకు తగినంత లోతైన మట్టి ఉండేలా చూడడం. చాలా మంచి జూలు ఇప్పటికే ఈ పని చేస్తున్నాయి. కాని లోతైన మట్టికి ఖర్చు పెడితే అది పోస్టరులో కనిపించదు. కొండకు పెడితే కనిపిస్తుంది.

స్విట్జర్లాండుకు చెందిన జంతుశాస్త్రవేత్త హైనీ హెడిగర్ బోనులోని మృగాల గురించి 1940లలోనే రాస్తూ, చోటు ఎంత ఉందన్నదానికన్నా ఆ చోటులో ఏముందన్నదే ముఖ్యమని వాదించాడు. ఆ ‘ఏముంది’ని జూలు చాలాకాలం ‘ఎలా కనిపిస్తోంది’గా అర్థం చేసుకున్నాయి. ఆ రెండిటి మధ్య దూరం తెలియాలంటే బొచ్చులేని తవ్వుడు ఎలుకల దగ్గరికి వెళ్లాలి. తూర్పు ఆఫ్రికా పొడినేలల కింద బతికే ఈ ముడతల గులాబీరంగు జీవులను జూలలో సాధారణంగా పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టాల్లో పెంచుతారు. వియన్నాలో షోన్‌బ్రున్ జూ వారి ఎడారి గృహంలోనూ అవి గొట్టాల్లోనే పరిగెడతాయి. చూడటానికి అది ప్రయోగశాలలా ఉంటుంది, సోమాలియాలా ఉండదు. అయితే ఆ గొట్టాల్లో దాదాపు 30 డిగ్రీల నిలకడైన వెచ్చదనం ఉంది, ఇరుకు ఉంది, గదులున్నాయి, మలవిసర్జనకు వేరే మూల ఉంది, కొరకడానికి దుంపలున్నాయి, ఒకే రాణి కింద పనిచేసే గుంపు ఉంది. ఈ ఎలుకలు మనుషుల సంరక్షణలో ముప్పై ఏళ్లు దాటి బతికాయి. ఎలుక జాతుల్లో మరి దేనికీ అంత ఆయువు లేదు. ఒక్క బండ బొమ్మ కూడా లేకుండా కట్టిన ఈ ఆవాసం, దానిలో ఉండే జీవి వైపు నుంచి చూస్తే, గుమ్మటాల కింది దిబ్బలకన్నా చాలా నిజాయితీ గలది.

ఇక్కడ అవతలి పక్షం మాట న్యాయంగా వినాలి. దృశ్యం జంతువు కోసం కాదని మాకూ తెలుసు, అది సందర్శకుడి మనసు కోసం అని డిజైనర్లు అంటారు. ఊచల వెనుక ఉన్న మృగాన్ని చూసినవాడు దాన్ని ఖైదీగానో కోతిచేష్టల బొమ్మగానో చూస్తాడు, కొండల మధ్య చూసినవాడు దానికొక దేశం ఉందని గ్రహిస్తాడు, ఆ దేశాన్ని కాపాడాలని కోరుకుంటాడు అని వాళ్ల వాదన. దీనిలో సగం నేను ఒప్పుకుంటాను. టైల్సు వేసిన గదిలో గిరగిర తిరిగే జంతువును చూసి పెరిగిన తరం నేర్చుకున్నది ఏమీ లేదు. ఒప్పుకోలేని సగం ఏమిటంటే, ఆ దృశ్యం సందర్శకుడికి ఎడారి గురించి చెప్పేది తప్పు. ఎడారి అంటే ఇసుక, వేడి, కాక్టస్, మధ్యలో సంతృప్తిగా నిలబడ్డ మృగం అని అది చెబుతుంది. ఎడారిలో పది కిలోమీటర్లు నడిచినా ఏ మృగమూ కనపడకపోవడమే మామూలు. ఆ ఎదురుచూపును, ఆ పలుచదనాన్ని చూపించే ప్రదర్శన ఒక్కటీ నాకు తారసపడలేదు. ఇరవై అడుగులకో జంతువు కనపడకపోతే టిక్కెట్టు కొన్నవాడు ఊరుకోడన్నది నిజమే. అలాంటప్పుడు దాన్ని పాఠం అనకుండా ప్రదర్శన అనే పిలిస్తే నాకు అభ్యంతరం లేదు.

జాతుల రక్షణ అన్న మాట వచ్చినప్పుడల్లా అరేబియా ఒరిక్స్ కథ చెబుతారు. చెప్పవలసిన కథే. 1962లో కెన్యాకు చెందిన మేజర్ ఇయాన్ గ్రిమ్‌వుడ్ నాయకత్వంలో ఒక బృందం అప్పట్లో బ్రిటిష్ రక్షణలో ఉన్న ఏడెన్ ప్రాంతపు (ఇప్పటి యెమెన్) ఎడారి అంచుల్లో నాలుగు ఒరిక్స్‌లను పట్టుకుంది, ఒకటి చనిపోగా మూడు మిగిలాయి. లండన్ జూ, కువైట్, సౌదీ అరేబియా ఇచ్చినవాటితో కలిపి తొమ్మిది జంతువుల మంద అమెరికాలోని ఫీనిక్స్ జూలో తయారైంది. 1972లో అడవిలోని చివరి ఒరిక్స్‌లను వేటగాళ్లు చంపేశారు. 1982లో ఈ సంరక్షిత మందల సంతానాన్ని ఒమాన్‌లో మళ్లీ వదిలారు, అక్కడి హరాసిస్ తెగవాళ్లే వాటికి కాపలాదార్లయ్యారు. ఫీనిక్స్‌ను ఎందుకు ఎంచుకున్నారన్నదే ఈ కథలో నాకు ముఖ్యం. అరిజోనా ఎండ, పొడిగాలి అరేబియాకు దగ్గరగా ఉండడం వల్ల. ఒరిక్స్ ప్రాణం నిలబెట్టింది గాలి, మేత, జత కలిపిన వంశావళి లెక్కలు. దృశ్యానికి అందులో పాత్ర లేదు.

ఆ కథలో రెండో భాగాన్ని జూ బోర్డులు తరచుగా వదిలేస్తాయి. 1990ల రెండో సగంలో ఒమాన్‌లో మళ్లీ వేట మొదలైంది. బతికున్నవాటిని పట్టి అమ్మడం కోసం. నాలుగు వందల యాభై దాకా పెరిగిన మంద 2007 నాటికి అరవై అయిదుకు పడిపోయింది. చమురు అన్వేషణ కోసం ఒమాన్ ప్రభుత్వం అక్కడి ఒరిక్స్ అభయారణ్యం విస్తీర్ణాన్ని తొంభై శాతం తగ్గించింది, అదే ఏడాది యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తొలగించింది. అలా తొలగించిన మొదటి స్థలం అదే. ఇతర దేశాల్లో వదిలిన మందలు నిలదొక్కుకోవడం వల్ల 2011లో ఆ జాతి ప్రమాదపు మెట్టు కొంచెం దిగింది. ఎడారి అంటే దాని మనుషులు, దాని చట్టాలు, దాని చమురు కూడా అన్న సంగతిని ఏ సిమెంటు బండా చెప్పదు, బోర్డు మీద నాలుగు వాక్యాలు చెప్పగలవు.

మరి ఏ జంతువులను ఉంచాలి? రోస్ క్లబ్, జార్జియా మేసన్ 2003లో ప్రచురించిన పరిశోధన మాంసాహార జంతువుల్లో ఒక సంబంధాన్ని చూపించింది. అడవిలో ఎంత విశాలంగా తిరిగే జాతి అయితే, బోనులో అటూ ఇటూ పచార్లు చేసే జాడ్యం, పిల్లలు చనిపోవడం అంత ఎక్కువ. మేత జంతువులకు ఆ లెక్కను యథాతథంగా అంటగట్టలేము కాని, వాన పడిన జాడ వెంట వందల కిలోమీటర్లు పోయే ఒరిక్స్‌ను, సహారా జింక అడాక్స్‌ను నాటకం తెరలాంటి కొండ ముందు నిలబెట్టడం నాకు మింగుడుపడదు. వాటికి కావలసింది వెడల్పైన మామూలు కంచె, మంద, నీడ. ఒరిక్స్‌లలో మరో జాతి అయిన, సహారా అంచుల కత్తికొమ్ముల ఒరిక్స్ అడవిలో అంతరించిందని 2000లో ప్రకటించారు. 2016 నుంచి చాద్‌లో వదులుతున్న మందలు అబుదాబి వంటి చోట్ల అలాంటి సాదాసీదా కంచెల్లో పెరిగినవాటి నుంచే వచ్చాయి, 2023లో ఆ జాతిని ‘అడవిలో అంతరించినవి’ జాబితా నుంచి తప్పించగలిగారు. అడాక్స్ నైజర్ ఇసుకల్లో వందకు లోపే మిగిలి ఉందని అంచనా. దానికీ ఇవాళ అక్కర అలాంటి కంచే.

నగరం నడిబొడ్డున చిన్న చోటున్న జూలు చిన్న జీవులతో సరిపెట్టుకోవాలి. గొట్టాల్లో ఎలుకలు, అతినీలలోహిత దీపం కింద బల్లులు, తేళ్లు, పొగమంచును వీపుమీద పట్టి తాగే నమీబ్ పురుగులు. ఆ పురుగు తలకిందులుగా నిలబడి నీటిబొట్టును నోటికి జార్చుకోవడం చూపించగలిగితే, ఏ గుమ్మటమూ చూపించలేనంత నమీబ్‌ను చూపించినట్టే. ఎడారి ఒడ్డునే ఉన్న జూలకు ఈ తిప్పలే లేవు. టూసాన్ దగ్గర అరిజోనా సొనోరా ఎడారి మ్యూజియం 1952 నుంచి, ఆలిస్ స్ప్రింగ్స్ ఎడారి పార్కు 1997 నుంచి ప్రధానంగా తమ చుట్టూ ఉన్న ఎడారినే చూపిస్తున్నాయి. గాలి, రాత్రి, నేల లోతు వాటికి ఉచితం. దూరపు ఎడారిని ఊరికి తెచ్చుకోవాలన్న తహతహ లేని చోట అబద్ధం అవసరం కూడా తక్కువ.

ఇప్పటికే కట్టిన గుమ్మటాలను కూల్చమని నేననను, వాటి వేళలు మార్చమంటాను. వారానికి ఒకటి రెండు రోజులు మధ్యాహ్నం మూసి, చీకటిపడ్డాక తెరవవచ్చు. లేదా లోపలి పగలూ రాత్రీ తారుమారు చేయవచ్చు. బ్రాంక్స్ జూ 1969లోనే అలాంటి చీకటి గృహం తెరిచింది. 2009లో బడ్జెట్ కోతల్లో మూతపడి చాలా ఏళ్లు అలాగే ఉండిపోయిన మాట నిజమే. అంటే పద్ధతి తెలియక కాదు, డబ్బు ఎక్కడ పెట్టాలన్న దగ్గరే తేడా. ఇక రెండోది దాదాపు ఖర్చులేనిది. ఇసుక పిల్లి గది బయట, జంతువు పేరూ దేశపటమూ ఉండే బోర్డు మీదే, లోపలి గాలిలో తేమ ఈ గంటలో ఎంత శాతం ఉందో, నేల ఎన్ని అడుగుల లోతుందో, నిన్న రాత్రి ఉష్ణోగ్రత ఎంతకు దిగిందో, తిండి ఈ రోజు ఎన్ని చోట్ల దాచారో అంకెల్లో రాయాలి. కొండ బొమ్మ ఎలా ఉన్నా, ఆ నాలుగు అంకెలు సరిగా లేని రోజున సంరక్షకుణ్ణి ఎందుకని అడగడానికి టిక్కెట్టు కొన్న ఎవరికైనా వీలుంటుంది.